మూత్రపిండ మార్పిడి: దాత వైపు నుంచి ఒక చరిత్ర

మూత్రపిండ మార్పిడి చరిత్రను శస్త్రవైద్యుల విజయగాథగా రాయడం వైద్యగ్రంథాల్లో చాలాకాలంగా సాగుతున్న ఆనవాయితీ. ఏ నగరంలో ఎవరు తొలిసారి కత్తి పట్టారు, ఏ రోగి ఎన్నాళ్లు బతికాడు, ఏ మందు ఏ సంవత్సరంలో వచ్చింది అన్న వరుసలోనే ఆ కథ నడుస్తుంది. అయితే తక్కిన శస్త్రచికిత్సలకు రోగి, వైద్యుడు ఉంటే సరిపోగా, ఈ చికిత్సకు మూడో మనిషి కూడా కావాలి. ఆ మూడో మనిషి తన ఒంట్లోని భాగాన్ని ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడే, లేదా అతను చనిపోయాక అతని కుటుంబం ఒప్పుకున్నప్పుడే, తక్కిన ఇద్దరికీ పని ఉంటుంది. రక్తనాళాలను కుట్టే విద్య 20వ శతాబ్దపు తొలి దశకంలోనే వైద్యులకు పట్టుబడింది. పరాయి అవయవాన్ని శరీరం ఎందుకు తోసిపుచ్చుతుందో తెలుసుకుని, ఆ తిరస్కరణను అదుపులో పెట్టే మందులు సంపాదించడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. అవయవం ఎవరు ఇవ్వాలి, ఏ షరతుల మీద ఇవ్వాలి, ఇచ్చినవారి బాగోగులు ఎవరు చూడాలి అన్న ప్రశ్నలకు మాత్రం ఇప్పటికీ పూర్తి జవాబు దొరకలేదు. వైద్యం వేసిన ప్రతి ముందడుగూ దాతల వలయాన్ని పెంచుతూ పోయిందనీ, దానికి తగినట్లు దాత పట్ల సమాజం తన బాధ్యతను పెంచుకోలేదనీ ఈ చరిత్రను దాత వైపు నుంచి చదివితే స్పష్టమవుతుంది.

మూత్రపిండాలు వెన్నెముకకు ఇరువైపులా, నడుము పైభాగంలో, ఒక్కొక్కటి పిడికిలంత పరిమాణంలో ఉంటాయి. ఇవి రక్తాన్ని నిరంతరం వడపోసి యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలను, అదనపు నీటిని, లవణాలను మూత్రంగా బయటికి పంపుతాయి. రక్తపోటును క్రమబద్ధం చేయడంలోనూ, ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాల తయారీని ప్రేరేపించే హార్మోనును విడుదల చేయడంలోనూ వీటికి పాత్ర ఉంది. ఆరోగ్యవంతుడైన మనిషికి ఒక్క మూత్రపిండంతోనే జీవితం సాఫీగా గడిచిపోతుంది. గుండెకు లేని ఈ వెసులుబాటు వల్లనే బతికి ఉన్న మనిషి దాత కాగలిగాడు, అవయవ మార్పిడి చరిత్ర మూత్రపిండంతో మొదలైంది.

కుట్టు పని నుంచి శస్త్రవిద్యకు

1894లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఆ దేశాధ్యక్షుడు సాదీ కార్నో కత్తిపోటుకు గురై, కాలేయానికి వెళ్లే ప్రధాన సిర తెగిపోవడంతో మరణించాడు. తెగిన రక్తనాళాన్ని తిరిగి కలిపే పద్ధతి ఆనాటి శస్త్రవైద్యుల దగ్గర లేదు. అదే నగరంలో వైద్యం నేర్చుకుంటున్న అలెక్సిస్ కారెల్ ఈ లోటును పూడ్చడానికి పూనుకుని, పట్టు వస్త్రాల తయారీకి పేరుపొందిన ఆ ఊళ్లోనే ఒక ఎంబ్రాయిడరీ పనిమంతురాలి దగ్గర అతి సన్నని సూదితో కుట్టడం సాధన చేశాడు. 1902లో అతను ప్రచురించిన పద్ధతి చూడడానికి సులువైనది. తెగిన రెండు నాళాల అంచులను ముందుగా సమాన దూరంలో మూడు కుట్లతో కలిపి, ఆ మూడు దారాలనూ మూడు దిక్కులకు లాగి పట్టుకుంటే, గుండ్రటి నోరు త్రికోణంగా సాగుతుంది. అప్పుడు ఒక్కో భుజాన్నీ గుడ్డ అంచు కుట్టినట్లు తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు, సూది అవతలి గోడను పట్టుకోదు, నాళం లోపలి దారి ఇరుకు కాదు. కుట్టిన చోట రక్తం గడ్డకట్టకుండా సూదికీ పట్టుదారానికీ వాసెలిన్ పూసేవాడు. నేటికీ రక్తనాళ శస్త్రవైద్యులు తొలిపాఠంగా నేర్చుకునే పద్ధతి ఇదే.

అదే 1902 మార్చిలో వియన్నాలో ఎమెరిక్ ఉల్‌మాన్ ఒక కుక్క మూత్రపిండాన్ని దాని మెడలోని రక్తనాళాలకు అతికించగా, అది కొద్ది రోజుల పాటు మూత్రాన్ని విసర్జించింది. కారెల్ ఆ తరువాత అమెరికా వెళ్లి, చార్లెస్ గత్రీతో కలిసి షికాగోలోనూ, అనంతరం న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలోనూ ప్రయోగాలు కొనసాగించి, 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒక జంతువు మూత్రపిండాన్ని ఆ జంతువుకే మరోచోట అమర్చితే చాలాకాలం పనిచేస్తుందనీ, అదే నైపుణ్యంతో మరో జంతువుకు అమర్చితే కొద్దికాలంలోనే పాడైపోతుందనీ అతను గమనించాడు. లోపం కుట్టులో లేదనీ, ఇంకా పేరు పెట్టని జీవధర్మమేదో అడ్డుపడుతోందనీ ఈ ప్రయోగాలు తేల్చాయి.

దాత ఎవరన్న ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన మొదటి సమాధానం జంతువు. 1906లో లియోన్‌లోనే, కారెల్ గురువుల్లో ఒకడైన మాత్యూ జబూలే ఒక రోగికి పంది మూత్రపిండాన్ని, మరో రోగికి మేక మూత్రపిండాన్ని అమర్చి చూశాడు గానీ రెండూ విఫలమయ్యాయి. రెండో సమాధానం మృతదేహం. 1933 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌లోని ఖెర్సన్ పట్టణంలో యూరీ వొరొనోయ్ అనే శస్త్రవైద్యుడు, పాదరస లవణం మింగి మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతికి, తలకు గాయమై మరణించిన 60 ఏళ్ల మనిషి మూత్రపిండాన్ని తొడ దగ్గర అమర్చాడు. మరణించాక ఆరు గంటలకు తీసిన ఆ అవయవం, రక్తం గ్రూపు కూడా కలవకపోవడంతో, నిలకడగా పనిచేయలేదు. రోగి రెండు రోజులకు మరణించింది. మనిషి నుంచి మనిషికి జరిగిన తొలి మూత్రపిండ మార్పిడిగా చరిత్ర దీన్ని నమోదు చేసుకుంది.

తనది, పరాయిది

కారెల్ గమనించిన ఆ అడ్డంకి అసలు స్వరూపం రెండో ప్రపంచయుద్ధ కాలంలో బయటపడింది. కాలిన గాయాలతో వచ్చే సైనికులకు, పౌరులకు ఇతరుల చర్మాన్ని అతికించడం సాధ్యమా అన్న ప్రశ్నతో బ్రిటన్‌లో పీటర్ మెడావర్ పరిశోధన ఆరంభించాడు. గ్లాస్గోలో థామస్ గిబ్సన్‌తో కలిసి అతను 1943లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఒకరి చర్మాన్ని మరొకరికి అతికిస్తే కొద్ది రోజుల్లో రాలిపోతుంది; అదే దాత చర్మాన్ని రెండోసారి అతికిస్తే మరింత త్వరగా రాలిపోతుంది. మొదటిసారి చూసిన పరాయి కణజాలాన్ని శరీరం గుర్తుపెట్టుకుంటోందన్నమాట. సూక్ష్మజీవుల మీద పోరాడే రోగనిరోధక వ్యవస్థే పరాయి అవయవం మీద కూడా దాడి చేస్తోందని దీనితో రుజువైంది. గర్భస్థ దశలోనే పరాయి కణాలను పరిచయం చేస్తే ఎలుక వాటిని తనవిగా అంగీకరిస్తుందని రూపర్ట్ బిల్లింగ్‌హామ్, లెస్లీ బ్రెంట్‌లతో కలిసి మెడావర్ 1953లో నిరూపించడంతో, తిరస్కరణ అనేది మార్చడానికి వీలున్న గుణమన్న ఆశ చిగురించింది. ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్‌తో పాటు మెడావర్‌కు 1960లో నోబెల్ బహుమతి లభించింది.

ఇదే కాలంలో రోగిని కొంతకాలం బతికించి ఉంచే సాధనం కూడా తయారైంది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు, సాసేజ్‌ల తయారీకి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని పెద్ద డ్రమ్ము చుట్టూ చుట్టి, అందులో రోగి రక్తాన్ని పారిస్తూ, ఆ డ్రమ్మును లవణాల ద్రావణంలో తిప్పే యంత్రాన్ని 1943లో రూపొందించాడు. రక్తంలోని వ్యర్థాలు సెల్లోఫేన్ సూక్ష్మరంధ్రాల గుండా ద్రావణంలోకి వెళ్లిపోయే ఈ ప్రక్రియే డయాలసిస్. శస్త్రచికిత్సకు ముందు రోగిని సిద్ధం చేయడం, కొత్త మూత్రపిండం పని అందుకునేదాకా నిలబెట్టడం దీనితో సాధ్యమయ్యాయి.

1950ల ఆరంభంలో పారిస్, బోస్టన్ నగరాల వైద్యులు తిరస్కరణ గురించి తెలిసి కూడా మార్పిడి ప్రయత్నాలు చేశారు. 1951లో పారిస్ శస్త్రవైద్యులు మరణశిక్ష అమలైన ఖైదీ మూత్రపిండాలను రోగులకు అమర్చారు. ఆ సందర్భంలో రెనే క్యూస్ అనుసరించిన విధానం, అంటే కొత్త మూత్రపిండాన్ని పొత్తికడుపు పక్కన తుంటి ఎముక లోపలి పల్లంలో అమర్చి, దాని రక్తనాళాలను కాలికి వెళ్లే పెద్ద నాళాలకు, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలిపే విధానం, కొద్ది మార్పులతో నేటికీ ప్రపంచమంతటా అమలులో ఉంది; రోగి పాత మూత్రపిండాలను సాధారణంగా తీయకుండా అలాగే ఉంచుతారు. రోగులెవరూ బతకలేదు గానీ, శిక్ష పడినవాడి శరీరం ఎవరిది అన్న నైతిక ప్రశ్నను ఆ ప్రయత్నం మిగిల్చింది. 1952 డిసెంబరులో అదే నగరంలోని నెకేర్ ఆసుపత్రిలో జాన్ హాంబర్జే బృందం, ఎత్తు మీద నుంచి పడి, తనకున్న ఒక్క మూత్రపిండాన్నీ పోగొట్టుకున్న 16 ఏళ్ల బాలుడికి అతని తల్లి ఇచ్చిన మూత్రపిండాన్ని అమర్చింది. అది దాదాపు మూడు వారాలు చక్కగా పనిచేసి ఆగిపోవడంతో బాలుడు మరణించాడు. బతికి ఉన్న బంధువు తన అవయవాన్ని ఇచ్చే సంప్రదాయం ఒక తల్లి పట్టుదలతో ఈ విధంగా ఆరంభమైంది.

బోస్టన్, 1954

తిరస్కరణను దాటే తొలి మార్గం ప్రకృతి సృష్టించిన ఒక మినహాయింపులో దొరికింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల కణజాలం ఒకటే కాబట్టి ఒకరి అవయవాన్ని మరొకరి శరీరం పరాయిదిగా భావించదు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో 23 ఏళ్ల రొనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చారు. దాత శస్త్రచికిత్సను హార్ట్‌వెల్ హారిసన్, గ్రహీత శస్త్రచికిత్సను జోసెఫ్ మరే నిర్వహించగా, వైద్య పర్యవేక్షణ జాన్ మెరిల్ చేతిలో ఉంది. ఇద్దరూ నిజంగా ఏకరూప కవలలేనా అని తేల్చుకోవడానికి ఒకరి చర్మపు ముక్కను మరొకరికి అతికించి చూశారు, వేలిముద్రలు కూడా పోల్చారు. మూత్రపిండం గంటా ఇరవై రెండు నిమిషాల పాటు రక్తప్రసరణ లేకుండా ఉంది. నాళాల మీది బిగింపులు తీయగానే గులాబీ రంగుకు తిరిగి, మూత్రం ధారగా రావడం మొదలుపెట్టింది. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికి, తనకు సేవ చేసిన నర్సును పెళ్లాడి, ఇద్దరు పిల్లలకు తండ్రి అయ్యాడు. రొనాల్డ్ 2010 దాకా జీవించాడు.

ఈ ఘట్టంలో శస్త్రచికిత్స కన్నా అంతకు ముందు జరిగిన చర్చ ముఖ్యమైనది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అతని మేలు కోసం గాక మరొకరి మేలు కోసం శస్త్రచికిత్స చేయడం వైద్య చరిత్రలో అప్పటికి చాలా అరుదైన పని, రోగికి హాని చేయకూడదన్న ప్రాచీన వైద్యధర్మానికి అడ్డొచ్చే పని. అందువల్ల వైద్యులు మతాచార్యులను, న్యాయవాదులను సంప్రదించారు, దాతకు ఎదురుకాగల ప్రమాదాలను విడమరచి చెప్పారు. భవిష్యత్తులో తన ఆరోగ్యానికి ఆసుపత్రి బాధ్యత వహిస్తుందా అని దాత అడిగినప్పుడు, చట్టబద్ధమైన హామీకి బదులు వైద్యుల వ్యక్తిగత మంచితనం మీద నమ్మకముంచమన్న జవాబే అతనికి దక్కింది. 1957లో, అప్పటి చట్టం ప్రకారం ఇంకా మైనర్లైన 19 ఏళ్ల కవలల విషయం మసాచుసెట్స్ సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చినప్పుడు, సోదరుణ్ని కోల్పోతే దాతకు కలిగే మానసిక క్షోభను తప్పించడం దాతకూ మేలేనన్న వాదాన్ని అంగీకరించి న్యాయస్థానం అనుమతినిచ్చింది. దాతకు కలిగే మేలు ఏమిటని చట్టం మొదటిసారి అడిగిన సందర్భం అది.

ఆ ఆసుపత్రితో తెలుగువారికి ఒక సంబంధం ఉంది. భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుకుంటూ, పొట్ట గడవడానికి ఈ పీటర్ బెంట్ బ్రిగామ్‌లోనే రాత్రిపూట పనివాడిగా రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. తరువాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి కణం లోపల దాని పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్ వంటి పదార్థాలను తయారుచేయగా, వాటితో బోస్టన్‌లోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా తగ్గించగలిగినట్లు 1948లో ప్రకటించారు. కణం తన విభజనకు వాడుకునే పోషకానికి నకలును అందించి దాన్ని నిలువరించే ఈ ఆలోచన ఔషధ పరిశోధనలో ఒక బాటను స్థిరపరచింది. తిరస్కరణకు మందు దొరికింది ఆ బాటలోనే.

తిరస్కరణకు మందు

కవలలు లేని రోగుల కోసం వైద్యులు మొదట ఆశ్రయించింది ఎక్స్‌రే కిరణాలను. ఒళ్లంతటికీ కిరణాలు తగిలించి రోగనిరోధక వ్యవస్థను అణచివేశాక మూత్రపిండం అమర్చే ఈ ప్రయత్నాల్లో, బోస్టన్‌లో పన్నెండు మందికి చికిత్స చేయగా ఒక్కరే దీర్ఘకాలం బతికారు. తక్కినవారిలో ఎక్కువమందిని రక్షణ లేని శరీరంలో చెలరేగిన అంటురోగాలే బలిగొన్నాయి. ఈ దారి మూసుకుపోతున్న సమయంలో, జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ రక్తక్యాన్సర్ కోసం రూపొందించిన 6-మెర్‌కాప్టోప్యూరిన్ అనే మందు కుందేళ్లలో రోగనిరోధక స్పందనను మందగింపజేస్తోందని రాబర్ట్ ష్వార్ట్జ్, విలియం డామెషెక్ 1959లో కనుగొన్నారు. బ్రిటిష్ శస్త్రవైద్యుడు రాయ్ కాన్ మరుసటి ఏడాదే మూత్రపిండాలు మార్చిన కుక్కలకు దాన్నిచ్చి, వాటి ఆయుష్షు పెరగడం చూశాడు. ఆ మందుకే మెరుగైన రూపమైన అజాథయోప్రిన్‌ను వాడి, బంధువు కాని మృతుడి నుంచి తీసిన మూత్రపిండాన్ని ఏడాదికి పైగా పనిచేయించడం 1962లో మరే బృందానికి సాధ్యమైంది. 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జెల్, అజాథయోప్రిన్‌కు స్టెరాయిడ్ మందును జతచేస్తే మొదలైన తిరస్కరణను కూడా వెనక్కి మళ్లించవచ్చని చూపడంతో, అప్పటిదాకా సాహసంగా ఉన్న పని చికిత్సగా మారింది.

ఎవరి అవయవం ఎవరికి నప్పుతుందో ముందే తెలుసుకునే శాస్త్రం కూడా దీనికి తోడైంది. పారిస్‌లో జాన్ దొసే 1958లో తెల్ల రక్తకణాల మీద గుర్తించిన ఒక ప్రతిజనకం, అంటే శరీరం స్వపర భేదాన్ని గుర్తించడానికి ఆధారమయ్యే కణ ఉపరితల పదార్థం, హెచ్‌ఎల్‌ఏ అనే పెద్ద జన్యు వ్యవస్థ ఆవిష్కరణకు దారితీసింది. 1964లో లాస్ ఏంజెలెస్‌లో పాల్ తెరసాకి రూపొందించిన పరీక్షతో కొద్దిపాటి రక్తంతోనే దాత, గ్రహీతల పొంతన చూడడం వీలైంది. 1969లో నార్వేలోని హార్డంగర్‌విడ్డ పీఠభూమి మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుంచి బాసెల్ నగరపు సాండోజ్ సంస్థ వేరుచేసిన సైక్లోస్పోరిన్, తక్కిన రక్తకణాల తయారీని దెబ్బతీయకుండా తిరస్కరణకు కారణమయ్యే టీ లింఫోసైట్లను మాత్రమే నిలువరిస్తుందని జాన్ ఫ్రాంస్వా బొరెల్ పరిశోధనల్లో తేలింది. కాన్ దాన్ని 1978లో కేంబ్రిడ్జ్‌లో రోగులకు ఇచ్చాడు. యూరప్ ఆసుపత్రులు కలిసి జరిపి 1983లో వెలువరించిన అధ్యయనంలో, మృతుల నుంచి తీసి అమర్చిన మూత్రపిండాల్లో ఏడాది తరువాతా పనిచేస్తున్నవి పాత మందులతో 52 శాతం ఉండగా, సైక్లోస్పోరిన్‌తో 72 శాతానికి చేరాయి. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన టాక్రోలిమస్ నేడు ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది.

మరణానికి కొత్త నిర్వచనం

మందులు మెరుగైనకొద్దీ అవయవాల కొరత పెద్ద సమస్యగా ముందుకొచ్చింది. గుండె ఆగాక తీసిన అవయవం రక్తం అందక త్వరగా చెడిపోతుంది. మరోవైపు 1950ల్లో వెంటిలేటర్లు వాడుకలోకి వచ్చాక, మెదడు పూర్తిగా నశించినా యంత్రం ఊపిరి పోస్తున్నంతసేపూ గుండె కొట్టుకుంటూ ఉండే రోగులు ఆసుపత్రుల్లో కనిపించసాగారు. పారిస్ నాడీవైద్యులు మొలారే, గులోన్ 1959లో ఈ స్థితిని స్పృహ కోల్పోవడానికి మించిన దశగా వర్ణించారు. 1963లో బెల్జియంలోని లూవెన్‌లో గీ అలెక్సాంద్ర్, తలకు తీవ్రగాయమై మెదడు పనిచేయని రోగి నుంచి, గుండె కొట్టుకుంటూ ఉండగానే మూత్రపిండాన్ని తీసి మరొకరికి అమర్చినప్పుడు, తోటి శస్త్రవైద్యులు చాలామంది దాన్ని ఆమోదించలేదు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియన్ బర్నార్డ్ జరిపిన గుండె మార్పిడి తరువాత చర్చ తప్పనిసరై, హెన్రీ బీచర్ అధ్యక్షతన హార్వర్డ్ నియమించిన కమిటీ 1968 ఆగస్టులో మెదడు మరణాన్ని నిర్ధారించే లక్షణాలను ప్రకటించింది.

మెదడు మరణమంటే, శ్వాసకూ స్పృహకూ కేంద్రమైన మెదడు కాండం తిరిగి కోలుకోలేని విధంగా నశించడం. కోమాలో ఉన్న రోగి కోలుకోవచ్చు. మెదడు మరణం పొందిన వ్యక్తి ఇక తిరిగి రాడు, యంత్రం ఉన్నా కొద్దికాలంలో గుండె ఆగిపోతుంది. భారతీయ చట్టం ప్రకారం, మార్పిడి జరిపే బృందంతో సంబంధం లేని వైద్యులు కూడా ఉన్న నలుగురు సభ్యుల మండలి కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షలు జరిపి ఈ మరణాన్ని ధ్రువీకరించాలి. కళ్లపాపలు వెలుతురుకు స్పందిస్తున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తోందా అని చూశాక, చివరి పరీక్షగా వెంటిలేటర్‌ను కొద్దిసేపు విడదీసి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా రోగి తనంతట తాను శ్వాస తీసుకునే ప్రయత్నం చేయకపోవడాన్ని గమనిస్తారు. గుండె కొట్టుకుంటున్న దేహాన్ని కళ్లెదుట చూస్తూ అది మరణమని అంగీకరించడం కుటుంబానికి ఎంతో కష్టం కాబట్టి, ఈ పరీక్షల మీద నమ్మకమే మరణానంతర అవయవదానానికి పునాది.

భారతదేశం, తెలుగు నేల

భారతదేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, బతికి ఉన్న దాత నుంచి జరిగింది. సైక్లోస్పోరిన్ వచ్చాక దాత, గ్రహీతల మధ్య రక్తసంబంధం ఉండాలన్న వైద్యపరమైన ఒత్తిడి సడలింది. మెదడు మరణానికి చట్టపరమైన గుర్తింపు లేకపోవడంతో మృతుల నుంచి అవయవాలు అందే దారి మూసుకుని ఉంది. ఈ రెండింటి నడుమ 1980ల్లో మద్రాసు, బొంబాయి, బెంగళూరు వంటి నగరాల్లో మూత్రపిండాల విపణి పుట్టింది. బంధుత్వపు అవసరాన్ని తగ్గించిన మందు పేదవాడి శరీరాన్ని సరుకుగా మార్చడానికి కూడా తోడ్పడిందన్నది ఈ చరిత్రలోని చేదు నిజం.

అమ్ముకున్నవారికి ఏం మిగిలిందో చెప్పే అధ్యయనం 2002లో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో వెలువడింది. మాధవ్ గోయల్, సహచరులు చెన్నైలో మూత్రపిండం అమ్ముకున్న 305 మందిని కలిసి వివరాలు సేకరించగా, వారిలో 96 శాతం మంది అప్పులు తీర్చడానికే అమ్ముకున్నారనీ, వారికి ముట్టింది సగటున 1,070 డాలర్లనీ, శస్త్రచికిత్స తరువాత కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయిందనీ, 86 శాతం మంది ఆరోగ్యం క్షీణించిందని చెప్పారనీ, నాలుగింట మూడొంతుల మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారనీ తేలింది. అమ్మినవారిలో 71 శాతం మహిళలు. అప్పు తీరుతుందన్న ఆశతో అవయవాన్ని వదులుకున్న కుటుంబానికి చివరికి అప్పూ మిగిలింది, కష్టపడే శక్తీ తగ్గింది. పల్నాడు పల్లెల్లో పంటలు పోయి అప్పులపాలైన రైతులు మూత్రపిండాలు అమ్ముకున్న ఉదంతాలు 2000 దశకపు తొలినాళ్లలో వెలుగులోకి వచ్చినప్పుడు తెలుగు సమాజం చూసింది కూడా ఇదే దుస్థితిని.

ఈ విపణిని అరికట్టడానికీ, మెదడు మరణాన్ని గుర్తించడానికీ కలిపి పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి, ఆంధ్రప్రదేశ్ 1995లో తన సొంత చట్టం చేసుకుంది. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి నేరుగా దాతలు కావచ్చనీ, తక్కినవారు అభిమానంతో ఇస్తున్నట్లు అధీకృత కమిటీ నమ్మితేనే అనుమతించాలనీ కేంద్ర చట్టం నిర్దేశించింది. అభిమానం అన్న ఆ మాట చాటునే దళారులు చాలాకాలం తమ వ్యాపారం నడుపుకున్నారు. 2011 సవరణ తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలను దగ్గరి బంధువుల జాబితాలో చేర్చి, రక్తం గ్రూపు కలవని రెండు కుటుంబాలు దాతలను పరస్పరం మార్చుకునే వీలు కల్పించి, అక్రమ వ్యాపారానికి పదేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా విధించింది; ప్రతి కేంద్రంలోనూ మార్పిడి సమన్వయకర్త ఉండాలని నియమం పెట్టింది. తెలంగాణ శాసనసభ ఈ సవరించిన చట్టాన్ని స్వీకరిస్తూ 2025 మార్చిలో తీర్మానం చేసింది.

మృతుల అవయవదానానికి దేశంలో క్రమబద్ధమైన నమూనాను 2008లో తమిళనాడు ప్రభుత్వం నెలకొల్పగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకం హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రంగా 2013లో పని ప్రారంభించింది. ఆసుపత్రులు తమ దగ్గర నమోదైన రోగుల వివరాలు ఒకే జాబితాలో చేర్చడం, మెదడు మరణం నిర్ధారణ అయినప్పుడు ఆ జాబితా క్రమంలోనే అవయవాలు కేటాయించడం, దుఃఖంలో ఉన్న కుటుంబంతో శిక్షణ పొందిన సమన్వయకర్తలు ఓపికగా మాట్లాడడం ఈ పథకానికి ఆధారాలు. ఈ కాలంలో వచ్చిన పెరుగుదల లెక్కల్లో కనిపిస్తుంది. 2013లో దేశమంతటా 4,990 అవయవ మార్పిడులు జరగగా, 2023లో ఆ సంఖ్య 18,378కి పెరిగింది, వాటిలో 13,426 మూత్రపిండాలవే. ఆ ఏడాది మరణానంతరం అవయవాలిచ్చిన 1,099 మందిలో 252 మంది తెలంగాణవారు, అంటే దేశంలోని రాష్ట్రాలన్నిటిలోకీ అత్యధికులు.

అయినా దేశంలో అధికశాతం మూత్రపిండాలు ఇప్పటికీ బతికి ఉన్నవారి నుంచే వస్తున్నాయి, ఆ దాతల్లో ఎక్కువమంది తల్లులు, భార్యలు. 1995 నుంచి 2021 దాకా లెక్కకు వచ్చిన 36,640 మార్పిడుల్లో 29,695 పురుషులకే జరిగాయని జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఇవ్వడం స్త్రీల వంతు, పుచ్చుకోవడం పురుషుల వంతు అయిన ఈ అసమానతలో ప్రేమ ఎంత, ఇంటిపెద్ద సంపాదన ఆగిపోతుందన్న భయమెంత, కాదనలేని నిస్సహాయత ఎంత అన్నది ఏ సమ్మతి పత్రంలోనూ నమోదు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పల్లెపల్లెనా ఇంటిల్లిపాదినీ పట్టి పీడిస్తున్న చోట, ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. దాత కావలసిన తమ్ముడో కొడుకో రేపు అదే వ్యాధికి గురయ్యే ప్రమాదం ఉన్నప్పుడు, అతని మూత్రపిండాన్ని తీయడం ఏ వైద్యుడికీ తేలిక నిర్ణయం కాదు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనా, వంశధార నీరు శుద్ధిచేసి పల్లెలకు అందించే పథకం వచ్చినా, అక్కడి వ్యాధి మూలాన్ని కనిపెట్టడమే అసలైన అవయవ రక్షణ.

దాతకు జరిగే నష్టం సున్నా కాదని వైద్యశాస్త్రమే నేడు అంగీకరిస్తోంది. 1995లో బాల్టిమోర్‌లో మొదలైన లాపరోస్కోపీ పద్ధతి, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా సాయంతో మూత్రపిండాన్ని తీసే పద్ధతి, దాత నొప్పినీ కోలుకునే కాలాన్నీ బాగా తగ్గించింది. అయితే అమెరికాలో దాతల ఆరోగ్యాన్ని అనుసరించి 2014లో వెలువడిన అధ్యయనం, మూత్రపిండం ఇచ్చినవారిలో జీవితకాలంలో తమ మిగిలిన మూత్రపిండం విఫలమయ్యే ముప్పు 10,000 మందికి 90గా ఉంటుందనీ, అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో అది 14 మాత్రమేననీ అంచనా కట్టింది. ముప్పు చిన్నదే గానీ ఉన్నదే. దాన్ని దాతకు దాచకుండా చెప్పాలి, ఆ తరువాత ఏటేటా అతని రక్తపోటు, క్రియాటినిన్ చూస్తూ ఉండాలి.

నూట ఇరవై ఏళ్ల ఈ చరిత్రలో దాత స్థానంలో జంతువు, శవం, ఖైదీ, తల్లి, కవల సోదరుడు, మెదడు మరణం పొందిన అపరిచితుడు, అప్పులపాలైన పేదవాడు వరుసగా నిలిచారు. వీరిలో ఎవరి పట్ల సమాజం న్యాయంగా ప్రవర్తించిందో, ఎవరిని వాడుకుని వదిలేసిందో చెప్పడమే ఈ వైద్యశాఖ నాగరికతకు అసలైన కొలమానం. 1954లో బోస్టన్ దాత అడిగిన ప్రశ్న, తరువాత నా సంగతేమిటన్న ప్రశ్న, వ్యక్తుల మంచితనానికి వదిలేయదగినది కాదు. గ్రహీతల శస్త్రచికిత్స ఖర్చును ఆరోగ్యశ్రీ వంటి పథకాల ద్వారా భరించడానికి ప్రభుత్వాలు ముందుకొచ్చినట్లే, బతికి ఉన్న ప్రతి దాత పేరునూ నమోదు చేసుకుని, జీవితాంతం ఉచిత పరీక్షలు, చికిత్స అందించే బాధ్యతను, ఒకనాటికి అతని మూత్రపిండమే విఫలమైతే జీవన్‌దాన్ జాబితాలో అతనికి ముందువరుస కల్పించే బాధ్యతను చట్టం ద్వారా స్వీకరించాలి. మరణానంతర దానం పెరిగినకొద్దీ బతికి ఉన్నవారి మీద, ముఖ్యంగా ఇళ్లలోని స్త్రీల మీద భారం తగ్గుతుంది కాబట్టి, మెదడు మరణ నిర్ధారణను జిల్లా ఆసుపత్రుల స్థాయికి నమ్మకంగా విస్తరించడం కూడా దాతలకు చేసే న్యాయంలో భాగమే.